తొమ్మిది తాళాలూ, రోజుకో టోపీ

ఏమోయ్ అల్లుడూ, అలా గుమ్మంలో నిలబడిపోయావేం? మా అమ్మాయి వెళ్ళగొట్టిందా, నువ్వే పారిపోయొచ్చావా? రా, కూర్చో. ఆ కుర్చీ కాదయ్యా, దానికి మూడు కాళ్ళే గట్టివి. నచ్చనివాళ్ళొస్తే వేద్దామని ఉంచాను. నీకింకా ఆ హోదా రాలేదు. ఇటు కూర్చో.

చేతిలో ఆ కాగితమేంటి? ఇంటర్నెట్టులోంచి దింపావా? ఏదీ, ఇలా తే. "మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళతో కలిసి చేయదగ్గ ఇరవై పనులు." ఓహో. మీ అమ్మగారి కోసమన్నమాట. మరి మొన్న కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికిందెవరు? మీ అమ్మగారా, తమరా? ముందు ఈ ఇరవై పనులూ నీతో నేను చేయించాలి.

హమ్మయ్య, నవ్వావు. వచ్చినప్పుడు నీ మొహం వానలో తడిసిన అట్టపెట్టెలా ఉంది.

కాగితం పారెయ్యమనను. మడిచి జేబులో పెట్టుకో. అందులో ఒకటో రెండో పనికొస్తాయి. కాకపోతే ఏది పనికొస్తుందో కాగితానికి తెలీదు. మా బావ సంగతి చెబుతా విను. మా అక్క మొగుడు, తెలుసుగా, తాళాలాయన.

మా బావది తాళాలు బాగుచేసే పని. బస్టాండు మూలమీద కొట్టు. కొట్టంటే ఏదో పెద్దగా ఊహించుకోకు, బీరువాలో అరలు పీకేసి మనిషిని కూర్చోబెట్టినట్టుండేది. నలభై ఏళ్ళు అందులోనే కూర్చున్నాడు. గోడనిండా తాళంచెవులు. ఎవరైనా ఇంటి తాళం పడట్లేదని గోలపెడుతూ వస్తే, ఆ తాళంకప్పని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపి, "లోపల మూడో పిన్ను అరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కేకలేసినట్టు వేసేవాడు.

అప్పట్లో నేను బస్సు కండక్టర్ని. నా బస్సు సరిగ్గా ఆ కొట్టు ముందే ఆగేది. బావా బామ్మర్దులం, ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకోకపోతే మాకు తిన్నది అరిగేది కాదు. ఒకసారి ఆయన లోపల ఉండగానే కొట్టు తలుపు దగ్గరికేసి, బయట తాళం పెట్టి బస్సెక్కేశాను. తిరుగు ట్రిప్పులో వచ్చేసరికి కొట్టు తెరిచే ఉంది. ఏమీ ఎరగనట్టు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. బస్సు కదిలాక చూసుకుంటే, నా తాళం నా టికెట్ల సంచీకే వేలాడుతోంది, జేబులో తాళంచెవి లేదు! ఆ ట్రిప్పంతా జనం నా నోటిమాట మీదే ప్రయాణం చేశారు.

అలాంటి మనిషికి మతి జారడం మొదలైంది.

ఒకరోజు నేను వాళ్ళింటికి వెళ్తే, "ఎవరండీ మీరు?" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. భలే చేస్తున్నావు బావా అన్నాను. రెండ్రోజులు అలాగే నవ్వాను. మూడోరోజు మా అక్క నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి, "ఒరేయ్, ఆయన ఆట పట్టించట్లేదురా" అంది. నిజం చెబుతున్నా అల్లుడూ, ఆయన నన్ను ఆట పట్టిస్తుంటే ఎంత బాగుండునో అని నా జన్మలో అదొక్కసారే అనుకున్నాను.

పేర్లు మర్చిపోతే పోనీ, సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. పొద్దున్న పది కాగానే మనిషి చొక్కా వేసుకుని లేచేవాడు. "కొట్టు తెరవాలి." కొట్టెక్కడిది? ఎప్పుడో ఎత్తేశాం. అక్కడిప్పుడు ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. ఆ మాట చెబితే వినడు. "జనం నిలబడుంటారు" అంటాడు, బయటికి నడుస్తాడు. మా అక్క వాళ్ళ సందు దాటితే పెద్ద రోడ్డు. లారీలు, బస్సులు, ఒకదాని వెనకాల ఒకటి.

మా అక్క ఏం చేసిందో తెలుసా? తలుపుకి లోపల తాళం వేసింది. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే! ఆవిడ తలపిన్ను ఆవిడ తలలోంచే తీసి, రెండు నిమిషాల్లో ఊడబెరికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఇంకా పెద్ద తాళం కొంది. అది తీయడానికి ఒక నిమిషం. పైగా వెనక్కి తిరిగి, "తాళం మంచిదేనమ్మా, లోపల స్ప్రింగే నాసిరకం" అని సలహా ఇచ్చి మరీ వెళ్ళాడు.

మూడోసారి ఒక లారీ డ్రైవరు తీసుకొచ్చి దింపాడు. రోడ్డు మధ్యలో నిలబడి, జేబులు తడుముకుంటూ, కొట్టు తాళంచెవి వెతుక్కుంటున్నాడట. లారీ ఆయన మోకాళ్ళకి మూరెడు దూరంలో ఆగిందట. ఆ డ్రైవరు గుమ్మంలోనే కూలబడి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు పాపం.

ఆ సాయంత్రం మా అక్క బావ చొక్కాలు మడతపెడుతూ కూర్చుంది. ఒక్కో చొక్కా కాలరు లోపల దారంతో ఆయన పేరు కుట్టింది. ఎందుకే అనడిగాను. తలెత్తకుండానే చెప్పింది.

"నా వల్ల కాదురా తమ్ముడూ. స్నానానికి వెళ్ళినా చెవి తలుపు దగ్గరే. కన్ను మూస్తే లారీయే. ఇలాంటివాళ్ళని చూసుకునే ఇల్లొకటుంది, మంచం ఖాళీ అవుతోందట. వచ్చేవారం కాదు, ఆపై శుక్రవారం నర్సమ్మ వచ్చి ఈయన్ని చూస్తుంది. ఆవిడ సరేనంటే పంపించేస్తాను."

నేను వెళ్ళి చూసొచ్చాను ఆ ఇల్లు. తప్పు పట్టడానికేం లేదు. శుభ్రంగా ఉంది, మాట మెత్తగా ఉంది, నడవడానికి చోటుంది. అక్కడికి పంపేవాళ్ళంతా రాతిగుండెల వాళ్ళని ఎవరైనా అంటే నమ్మకు అల్లుడూ. ఓపిక అయిపోయినవాళ్ళు, అంతే. కానీ మా అక్క ఆ చొక్కాలు మడతపెట్టిన తీరు చూశాక నాకు ముద్ద దిగలేదు.

"అక్కా, ఈ రెండు వారాలు నాకొదిలెయ్. ఆయన గడప దాటకుండా చూస్తాను."

"నువ్వా? నీకు నువ్వే ఒకచోట కుదురుగా ఉండవు."

"దాటకపోతే?"

"దాటకపోతే నేనెందుకు పంపుతానురా పిచ్చోడా!" అని ఏడ్చేసింది.

సరే. మర్నాటి నుంచి తొమ్మిదిన్నరకల్లా వాళ్ళింట్లో దిగాను. నీ చేతిలో ఉన్నలాంటి కాగితమే నాకూ ఎవరో ఇచ్చారు. ఒకటో పని, రంగులు వేయించడం. బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్ళు కొనుక్కెళ్ళి ముందు పెట్టాను. బావ పుస్తకం అటూ ఇటూ తిప్పాడు, కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశాడు. "మీ మనవడిదా? తీసుకెళ్ళండి, వెతుక్కుంటాడు" అన్నాడు.

రెండోది, ముక్కలన్నీ అతికించి బొమ్మ చేసే ఆట. అది కాసేపు సాగింది. ఒక ముక్క ఎక్కడా కుదర్లేదు. మనిషి లేచి, లోపల్నుంచి ఆకురాయి తెచ్చి, ఆ అట్టముక్క అంచులు నున్నగా అరగదీసి, ఆకాశంలో ఉండాల్సిన ముక్కని గుర్రం కడుపులో దించేశాడు. "ఇప్పుడు పట్టింది" అన్నాడు. ఆయన్ని తప్పనడానికి లేదు. నిజంగానే పట్టింది.

మూడోది పాటలు. రేడియో పెడితే వేళ్ళతో తాళం వేశాడు, బాగానే ఉంది. కానీ పది కాగానే పాట పాటే, కొట్టు కొట్టే. లేచాడు. సందు చివరిదాకా వెంటపడి, "అయ్యా, అయ్యా, టికెట్ తీసుకోలేదు మీరు!" అని అరిచి వెనక్కి తెచ్చుకున్నాను. జనం నన్ను చూసి నవ్వారు. నవ్వితే నవ్వారు, మనిషి వెనక్కొచ్చాడు. మా అక్క దాన్ని గడప దాటడం కింద రాసుకుంటానంది. కాళ్ళావేళ్ళా పడ్డాక, "ఇదొక్కటీ వదిలేస్తున్నా" అంది.

నాలుగోరోజు పొద్దున్న మా ఇంటి తాళం బిగుసుకుపోయింది. తాళంచెవి దూరుతుంది, తిరగదు. తలుపు దగ్గరికేసి, ఆ తాళంకప్పని చేత్తో పట్టుకుని, దాన్ని తిట్టుకుంటూ బావ వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికే పది దాటింది. మా అక్క గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడుంది. బావ చొక్కా గుండీలు పెట్టుకుని, "తప్పుకోమ్మా, జనం నిలబడుంటారు" అంటున్నాడు.

నన్ను చూశాడు. నన్నంటే నన్ను కాదు, నా చేతిలో తాళంకప్పని.

"ఏమైంది దానికి?"

"తిరగట్లేదండీ" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"ఈరోజు పొద్దున్నించీ."

"పొద్దున్నించీ కాదు. నెల్రోజుల్నించీ కాస్త కాస్త పట్టేస్తుంటుంది, మీరు పట్టించుకుని ఉండరు. ఇలా తెండి." చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. కిటికీ పక్కన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. "నిలబడ్డారేం? కూర్చోండి. టైము పడుతుంది."

అటకమీదున్న పనిముట్ల పెట్టె మా అక్క ఎలా దింపిందో నాకు తెలీదు. నడుంనొప్పి మనిషి, ఒక్క ఉదుటున దింపింది. పెట్టె తెరవగానే ఆయన చేతులకి కళ్ళొచ్చాయి. పట్టకారు కావాలంటే పట్టకారు మీదికే వెళ్తుంది చెయ్యి, వెతుక్కోవడం లేదు. నా పేరు మర్చిపోయిన మనిషి తాళం లోపల గోరంత స్ప్రింగు ఏ గుంటలోదో మర్చిపోలేదు.

రెండున్నర గంటలు! పదకొండు పోయింది, పన్నెండు పోయింది. కొట్టు మాట ఎత్తలేదు. ఎత్తడానికేముంది, కొట్లోనే ఉన్నాడు కదా. మా అక్క కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, గురక పెడుతూ. అంత అందమైన గురక నేనెప్పుడూ వినలేదు.

ఇంకేముంది, దారి దొరికింది. మర్నాడు వీధిలో ఇంటింటికీ తిరిగాను. పాడైన తాళాలుంటే ఇవ్వండమ్మా అని అడుక్కున్నాను. దొంగ చేతికి తాళాలివ్వడం ఇదే కదా అని ఒకావిడ తలుపేసుకుంది కూడా. మొత్తం మీద తొమ్మిది దొరికాయి, మా ఇంటిదాంతో కలిపి. చిలుము పట్టినవి, తాళంచెవులు లేనివి, సైకిలు తాళం, గేటుది ఒకటి కొబ్బరికాయంత.

బావ మూడు రోజుల్లో తొమ్మిదీ బాగుచేసి పడేశాడు.

ఇప్పుడేం చెయ్యాలి? ఊళ్ళో తాళాలు నా కోసం పాడవుతాయా? అందుకని నేనే పాడుచేశాను. సాయంత్రం అయిదింటికి మా వరండాలో కూర్చుని ఒకదాంట్లో ఇసక పోసేవాణ్ణి. ఒకదాంట్లో జిగురు. ఒకదాని స్ప్రింగు తీసి ఇంకోదాంట్లో పెట్టేవాణ్ణి. చిన్నప్పుడు మేష్టారి కుర్చీకి జిగురు రాసి ఏడో క్లాసు దగ్గరే బడి వదిలేసినవాణ్ణి, ఆ విద్య అక్కరకొచ్చింది.

ఇంకో చిక్కు ఉంది. ఒకే మనిషి రోజూ తాళం పట్టుకొస్తే ఎవరికైనా అనుమానం రాదూ? మొహం గుర్తుండకపోయినా, ఎందుకొచ్చిన గొడవ. వేషాలు మొదలెట్టాను. ఒకరోజు టోపీ పెట్టుకుని లారీ డ్రైవర్ని. ఒకరోజు నల్ల కళ్ళజోడు, బడి హెడ్మాస్టర్ని. ఒకరోజు వానకోటు తొడుక్కుని పడవ నడిపేవాణ్ణి. మా దగ్గర్లో పడవ నడిచేంత నీళ్ళెక్కడున్నాయని మా అక్క వంటింట్లోంచి నవ్వలేక చచ్చేది.

బావ మాత్రం ఎవరొచ్చినా ఒకటే కేకలు.

"ఏం హెడ్మాస్టరుగారూ, తాళంలో ఇసకేంటండీ? పిల్లలకి బుద్ధులు చెప్పేవాళ్ళు మీరు!"

"గాలికి పడిందేమోనండీ."

"గాలికి రెండు గింజలు పడతాయి. ఇది ఎవరో గరిటె పెట్టి పోశారు. ఎవడో వెధవ ఉన్నాడు మీ ఇంట్లో, కనిపెట్టండి."

"కనిపెడతానండీ."

"దొరికితే నా దగ్గరికి తీసుకురండి."

మా అక్కని కూడా పనిలో పెట్టాడు. బాగుచేసిన తాళాలకి నూనె చుక్క వెయ్యడం, గుడ్డతో తుడవడం, గుట్టగా పోసిన తాళంచెవుల్లోంచి ఏది దేనిదో జత చూడటం. నలభై ఏళ్ళు ఆ పెట్టె ముట్టుకోనివ్వలేదు ఆవిణ్ణి. ఇప్పుడు పక్కనే కూర్చోబెట్టుకుని, "ఎక్కువ వెయ్యకు, తాళం జారుడుబల్ల అవుతుంది. ఒక్క చుక్క" అని నేర్పించాడు. ఒకరోజు ఆవిడ వేళ్ళు చూసి అన్నాడు, "పని బాగా పట్టుబడిందమ్మా నీకు. రేపట్నుంచి పొద్దున్నే వచ్చెయ్, పెందలాడే మొదలెడదాం."

"వస్తానయ్యా. ఇక్కడే పడుంటాను, ఎక్కడికి పోతాను" అంది మా అక్క. చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వింది.

ఒకరోజు లారీ డ్రైవరు వేషంలో ఉండగా, "ఇంట్లో ఎవరెవరుంటారు?" అనడిగాడు బావ. నేనేదో పెద్ద సంసారం అల్లి చెబుదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం, "ఎవరూ లేరండీ. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. అమ్మాయికి పెళ్ళయింది" అని నిజమే వచ్చేసింది. బావ పట్టకారు కింద పెట్టాడు. "సాయంత్రాలు కష్టం" అన్నాడు. అంతే. మళ్ళీ పట్టకారు తీసుకున్నాడు. నువ్వలా చూడకు అల్లుడూ, నేనేం ఏడవట్లేదు. ఈ గదిలో దుమ్మెక్కువ.

అలా రోజులు గడిచాయి. ఒకసారి బస్సు చెడిపోయి నేను అరగంట ఆలస్యంగా వెళ్ళాను. సందులో పరుగెత్తాను చూడు, ఆ పరుగు పాతికేళ్ళప్పుడు కూడా పరుగెత్తలేదు. వెళ్ళేసరికి బావ గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. గడప లోపలే ఉన్నాడు. నన్ను చూసి, "వచ్చారా? రండి రండి" అని లోపలికి నడిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తాళం మీద ధ్యాస అలా కట్టిపడేసిందనుకున్నాను.

శుక్రవారం దగ్గరికొచ్చింది. మా ఏర్పాటేంటంటే, శుక్రవారం నేను వేషం వెయ్యను. బామ్మర్దిగా మర్యాదగా ఇస్త్రీ చొక్కా వేసుకెళ్తాను, నర్సమ్మతో మాట్లాడతాను, పదిరోజులై గడప దాటలేదమ్మా అని లెక్క చెబుతాను.

ఏర్పాటు బాగానే ఉంది. రిటైరైనవాడికి ఏ వారమైతేనేం? నేను ఆరోజు గురువారమనుకున్నాను.

కాబట్టి మండే ఎండలో వానకోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, కొత్తగా ఒక మీసం కూడా అంటించుకుని, పడవ మనిషిలా బావ ముందు కూర్చున్నాను. చెమటకి మీసం ఒకవైపు జారుతోంది. మా అక్క పెరట్లో బట్టలారేస్తోంది. వీధి తలుపు తెరిచే ఉంది. ఒకావిడ లోపలికొచ్చింది. చేతిలో ఫైలు, భుజాన సంచీ.

ఆవిడకి ఎదురుగా కనిపించిందేంటి? ఇద్దరు ముసలాళ్ళు. ఒకాయన నున్నగా గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాలో, కళ్ళజోడు ముక్కుమీదికి దించుకుని చకచకా తాళం విప్పుతున్నాడు. ఇంకొకడు ఎండాకాలంలో వానకోటు వేసుకుని, సగం మీసంతో, గొంతు మార్చి మాట్లాడుతున్నాడు.

ఆవిడ తిన్నగా వచ్చి నా ముందు కూర్చుంది.

"నమస్కారం తాతగారూ. బాగున్నారా? కాసేపు మాట్లాడుకుందామా?"

నాకు అప్పటికి అర్థమైంది, ఈవిడే నర్సమ్మని. నోరు తెరిచి, అమ్మా, నేను కాదు, ఆయన అందామనుకున్నాను. ఎదురుగా బావ. చెప్పానంటే పదిరోజుల నాటకం బట్టబయలు, ఆయన లేచి కొట్టుకి బయల్దేరితే ఆవిడ కళ్ళముందే కథ కంచికి. మింగలేను, కక్కలేను. బావ చూడకుండా నర్సమ్మకి కన్ను కొట్టాను. ఆవిడ జాలిగా చూసి ఫైల్లో ఏదో రాసుకుంది.

"మీ ఇల్లెక్కడ తాతగారూ?"

"పడవలోనే అమ్మా."

రాసుకుంది.

"ఈయనెవరో గుర్తుపట్టారా?" బావని చూపించింది.

"తెలీదమ్మా. ఇప్పుడే మొదటిసారి చూడటం."

రాసుకుంది.

"ఈరోజు ఏ వారం?"

హమ్మయ్య, తెలిసిన ప్రశ్న. గుండెలమీద చెయ్యేసుకుని, "గురువారం" అన్నాను.

"శుక్రవారమండీ" అన్నాడు బావ తల ఎత్తకుండా. "ఎదురుగా రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉంది కదా."

ఆవిడ ఈసారి రెండు లైన్లు రాసుకుంది.

అప్పుడొచ్చింది మా అక్క, ఖాళీ బకెట్టు పట్టుకుని. నర్సమ్మ లేచి, "మీవారితో మాట్లాడానండీ. జబ్బు బాగా ముదిరినట్టుంది. వెంటనే తీసుకెళ్ళడం మంచిది" అంది నన్ను చూపిస్తూ. మా అక్క నన్ను చూసింది, బకెట్టు కింద పెట్టింది, గోడకి ఆనుకుని నవ్వడం మొదలెట్టింది. ఎన్ని నెలలైందో ఆ నవ్వు విని. నన్ను వంటింట్లోకి పట్టుకెళ్ళి, నర్సమ్మని కూడా పిలిచి, గుసగుసగా సంగతంతా చెప్పింది. నేను మీసం పీకి చేతిలో పెట్టాను రుజువుగా. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకుంది.

నవ్వయ్యాక మళ్ళీ నర్సమ్మ అయింది. "బాగానే ఉంది గానీ, నేను ఆయన్ని చూడాలి. ఆయన బయటికి వెళ్ళట్లేదని మీరంటున్నారు. ఈరోజు వెళ్ళట్లేదు సరే. రేపు తాళం మీద మోజు తీరితే? పెద్ద రోడ్డు పది అడుగుల్లో ఉంది. ఆ నమ్మకం నాకు కుదిరితేనే ఇక్కడ ఉంచమంటాను."

మా అక్క నవ్వు అక్కడే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది.

నర్సమ్మ వెళ్ళి బావ పక్కన కూర్చుంది. మేమిద్దరం తలుపు చాటున. అడగాల్సినవన్నీ అడిగింది. ఏ సంవత్సరమంటే ఏదో ముప్ఫై ఏళ్ళ కిందటిది చెప్పాడు. పిల్లలెందరంటే ఆలోచించి, "కొట్లో రాసిపెట్టాను" అన్నాడు. మా అక్కెవరంటే, "పనిమంతురాలు. మంచి మనిషి" అన్నాడు. ఒక్కో జవాబుకీ మా అక్క పట్టు బిగుసుకుంటోంది.

చివరికి అడిగింది. "రోజూ పదింటికి బయటికెళ్ళేవారట కదండీ. ఇప్పుడెందుకు వెళ్ళట్లేదు?"

బావ కళ్ళజోడు తీశాడు. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఎలా వెళ్ళనమ్మా? ఆ వానకోటాయన్ని చూశారుగా. పాపం, మతి సరిగ్గా లేదు. పెళ్ళాం పోయిందట. రోజూ వస్తాడు. రోజుకో టోపీ, రోజుకో గొంతు. తెచ్చేది మాత్రం అవే తొమ్మిది తాళాలు."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"అవేనని మీకెలా తెలుసు?" అంది నర్సమ్మ.

బావ చేతిలో తాళాన్ని తిరగేసి అడుగు చూపించాడు. "బాగుచేసిన ప్రతిసారీ ఆకురాయితో ఇక్కడో సన్నగీత గీస్తానమ్మా. మా పనిలో అది అలవాటు. మనుషుల మొహాలు నాకు కాస్త అటూ ఇటూ అవుతున్నాయి, ఒప్పుకుంటాను. నా చేతి గీత నేను పోల్చుకోలేనా? దీనికి నాలుగున్నాయి చూడండి. తనే ఇసక పోసుకుంటాడు, తనే పట్టుకొస్తాడు. తెలుసని చెబితే చిన్నబుచ్చుకుంటాడు. అందుకే పైకి రెండు కేకలేసి బాగుచేసిస్తుంటాను."

"మరి కొట్టు?"

"కొట్టుదేముందమ్మా, ఎక్కడికి పోతుంది? నేను వెళ్ళిపోతే ఈయనొచ్చి తలుపు మూసుందని అటు రోడ్డెక్కేస్తాడు. అసలే లారీలు. అందుకే పదయ్యేసరికి గుమ్మం దగ్గర కాచుక్కూచుంటాను, లోపలికొచ్చేదాకా నాకు మనసు మనసులో ఉండదు."

నర్సమ్మ ఫైలు మూసేసింది. వంటింట్లోకొచ్చి మా అక్క భుజం మీద చెయ్యేసింది. "ఆ మంచం ఇంకెవరికైనా ఇస్తామమ్మా. ఈయనిక్కడ డ్యూటీలో ఉన్నారు. నెలకోసారి నేనొచ్చి చూస్తుంటాను. ఏ మార్పున్నా వెంటనే ఫోన్ చెయ్యండి."

మా అక్క గుండెలమీద కుంపటి దిగింది. ఉన్నచోటే నేలమీద చతికిలబడి, మోకాళ్ళమీద తల పెట్టుకుని, "అమ్మయ్య, అమ్మయ్య" అంటూ కూర్చుంది. నేను మాత్రం అంత ఎండలోనూ ఆ వానకోటు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను.

నర్సమ్మ చెప్పులేసుకుంటుంటే బావ లేచి ఆవిడ వెనకాలే గుమ్మందాకా వెళ్ళాడు. గడప ఇవతలే ఆగి, చుట్టూ చూసి, నాకు వినపడదనుకుని మెల్లిగా బతిమాలాడు.

"అమ్మా, ఆయన్ని తీసుకుపోవడానికే కదా మీరొచ్చింది? వద్దమ్మా. ఎక్కడో పెడితే బెంగపెట్టుకుంటాడు. నా దగ్గరే ఉండనివ్వండి, నేను చూసుకుంటాను."